32 బోరా, 22 బోరా: లైసెన్సు వచ్చాక ఏ తుపాకీ కొనాలి

మిర్చి సీజన్ మంచి ఊపు మీదున్న రోజుల్లో, ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం నడిపే తమ్ముడొకడు పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. ఈ పని మీద హన్మకొండలో మా గేటు కొట్టడం కొత్త కాదు. ఫౌజులో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసే పనిలో చేసి వచ్చినవాణ్ణి కాబట్టి, చుట్టుపక్కల ఎవరికి తుపాకీ ఆలోచన వచ్చినా ముందు నేనే గుర్తొస్తాను. చాయ్ కప్పు చేతికి ఇవ్వకముందే మొదలుపెట్టాడు.

"అన్నా, లైసెన్స్ వచ్చింది. నైన్ ఎంఎం తీసుకుందామనుకుంటున్న. ఫార్టీ ఫైవ్ గూడ మస్తుంటదంటున్నరు. ఏది తీసుకోమంటవ్?"

"రెండిట్ల ఏది తీసుకున్నా సీదా జైలుకే తమ్మీ" అన్నాను.

అతని తప్పేం లేదు. ఫోన్‌లో చూసేవన్నీ అమెరికావాళ్ల వీడియోలు. అక్కడ ఏ క్యాలిబర్ (తూటా సైజు) మంచిది అనేది నిజమైన ప్రశ్న, మన దగ్గర అందులో సగానికి పైగా చట్టమే జవాబు చెప్పేసింది. మిగిలిన సగం మీ చేతుల్లో ఉంది, అంటే మాటవరసకు కాదు, నిజంగానే మీ అరచెయ్యి ఎంత ఉంది, వేలు ఎంత పొడుగుంది అనే దాని మీద ఉంది. అదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి తేల్చుకుందాం. ఆయుధాల చట్టం 1959లో వచ్చింది, ఇప్పుడు నడుస్తున్న నియమాలు 2016వి. వీటి ప్రకారం తుపాకులు రెండు జాతులు. ఒకటి ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషేధించినది, రెండోది నాన్ ప్రొహిబిటెడ్ బోర్. బోర్ అంటే బ్యారెల్ లోపలి వెడల్పు. దుకాణాల్లో, ఆఫీసుల్లో పీబీ, ఎన్‌పీబీ అంటారు. పాయింట్ 380, పాయింట్ 455 రిమ్ము (అడుగున బయటికి పొడుచుకొచ్చే అంచు) ఉన్న తూటాలు గానీ, సర్వీస్ 9 ఎంఎం, పాయింట్ 45 తూటాలు గానీ పట్టి పేల్చగలిగే పిస్టల్, రివాల్వర్ ఏదైనా పీబీ కిందికే వస్తుంది. ఇది తెల్లదొరల కాలం నాటి లెక్క. సైన్యం, పోలీసులు వాడే తూటా బయటివాళ్ల తుపాకీలో పట్టకూడదు, దొంగిలించినా పనికిరాకూడదు అని పెట్టారు, అదే ఇప్పటికీ నడుస్తోంది. పీబీ లైసెన్సు ఇచ్చేది ఢిల్లీలో కేంద్ర హోంశాఖ, అది మనలాంటి వాళ్లకు అందే ద్రాక్ష కాదు. లైసెన్సు లేకుండా పీబీ ఆయుధంతో దొరికితే 7 ఏళ్ల నుంచి 14 ఏళ్ల దాకా శిక్ష. మామూలు బోర్ అయినా, బీహార్ నుంచి వచ్చే తపంచా (దొంగచాటుగా చేసే పిస్టల్) అయినా, మన ములుగు, ఆదిలాబాద్ అడవుల్లో పందుల కోసం చేసుకునే నాటు తుపాకీ అయినా లైసెన్సు లేకపోతే కనీసం 2 ఏళ్లు, ఎక్కువంటే 5 ఏళ్లు. "మావోడు చౌకగా ఇప్పిస్తనన్నడు" అని ఎవరైనా అంటే ఆ మాట అక్కడే ఆపేయండి.

లైసెన్సు ఎవరిస్తారో కూడా చాలామందికి అయోమయమే. పోలీస్ కమిషనరేట్ ఉన్నచోట కమిషనర్, లేనిచోట జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్. వరంగల్, కరీంనగర్, రామగుండం, నిజామాబాద్ వాళ్లు కమిషనర్ ఆఫీసు చుట్టూ తిరగాలి, జగిత్యాల వాళ్లు కలెక్టరేట్ చుట్టూ. వయసు 21 నిండాలి. తుపాకీ జాగ్రత్తగా వాడటంలో శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్ పెట్టాలి, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు ఉందని రాసివ్వాలి, పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారు. ప్రాణభయం ఉందంటే ఎవరి నుంచి, ఎందుకు అని అడుగుతారు, "ఊరికే" అంటే ఫైలు అక్కడే ఆగుతుంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు 5 ఏళ్లకు ఇస్తున్నారు, ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు.

ఇవన్నీ దాటి దుకాణం మెట్లెక్కాక మీ ముందు నిజంగా మిగిలేవి రెండే బోర్లు. పాయింట్ 32, పాయింట్ 22. పాత ఫారిన్ పిస్టళ్లు అక్కడక్కడ చేతులు మారుతుంటాయి. 1980ల నడుమ నుంచి దిగుమతులు ఆగిపోవడంతో వాటి ధర బంగారం ధరలా ఉంటుంది, స్ప్రింగు విరిగితే స్పేర్ దొరకదు. పేరు చూసి మోజుపడి కొన్నవాళ్లను చూశాను, రిపేరుకు నా దగ్గరికే వస్తారు, నేను చేతులెత్తేస్తాను.

ఇక్కడొక మెలిక ఉంది. 32 బోర్ అని అందరూ ఒకే మాట అంటారు గానీ తూటాలు రెండు రకాలు. రివాల్వర్‌లో పడేది 32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్, పిస్టల్‌లో పడేది 32 ఏసీపీ. లాంగ్ తూటా గొట్టం 23 మిల్లీమీటర్ల పొడుగు, కింద గుండ్రటి రిమ్ము బయటికి కనిపిస్తుంది, ముందు సీసపు గుండు. ఏసీపీ పొట్టిది, గొట్టం 17 మిల్లీమీటర్లు, గుండుకు రాగి రంగు తొడుగు ఉంటుంది, రిమ్ము ఉందా లేదా అన్నట్టు కొంచెమే ఉంటుంది. దానిది ఇందులో, దీనిది అందులో వాడేది లేదు. డబ్బా మీద అక్షరం అక్షరం చదివి, మీ లైసెన్సులో ఉన్నదీ, తుపాకీ మీద కొట్టి ఉన్నదీ, డబ్బా మీద ఉన్నదీ ఒకటేనా అని చూసుకోండి.

బలం లెక్కలు అడుగుతారు కాబట్టి చెప్తున్నా. 32 ఏసీపీ గుండు సుమారు 4.6 గ్రాములు, సెకనుకు 275 మీటర్ల వేగం, శక్తి ఒక 175 జౌళ్లు. లాంగ్ గుండు బరువు ఎక్కువ, 6.3 గ్రాములు, కానీ నిదానం, శక్తి 150 జౌళ్ల లోపే. 22 బోర్ గుండు రెండున్నర గ్రాములే, పొట్టి బ్యారెల్ నుంచి వంద జౌళ్ల చుట్టుపక్కల ఇస్తుంది. అదే 9 ఎంఎం అయితే 450 జౌళ్ల దగ్గర, 45 ఏసీపీ ఇంకాస్త ఎక్కువ. అంటే మన 32 నైన్ ఎంఎంలో సగం కూడా కాదు. ఈ మాట వినగానే మా అడ్తి తమ్ముడి ముఖం వాడిపోయింది, "మరి గంత పైస బెట్టి ఎందుకన్నా" అన్నాడు.

అతనికి చెప్పిందే మీకూ చెప్తాను. 1986 ఏప్రిల్ 11న అమెరికాలోని మియామీలో ఎఫ్‌బీఐ వాళ్లకు, ఇద్దరు దొంగలకు మధ్య కాల్పులు జరిగాయి. ఎనిమిది మంది ఏజెంట్లు ఉన్నా ఇద్దరు చనిపోయారు. ఒక దొంగకు మొదట్లోనే 9 ఎంఎం గుండు తగిలింది కానీ గుండెకు అందకుండా ముందే ఆగిపోయింది, వాడు అలాగే కాలుస్తూ పోయాడు. దాంతో 9 ఎంఎం చాలదన్నారు, 10 ఎంఎం అన్నారు, అది చెయ్యి నిలవనివ్వడం లేదని 1990లో పాయింట్ 40 వచ్చింది. పాతికేళ్లు తిరిగేసరికి అదే ఎఫ్‌బీఐ మళ్లీ 9 ఎంఎంకే వచ్చింది. తూటాలు మెరుగయ్యాయి అన్నది ఒక కారణం, తక్కువ తన్నే (పేలినప్పుడు చేతిని తక్కువగా వెనక్కి కొట్టే) తుపాకీతో మనుషులు త్వరగా, గురిగా కాలుస్తున్నారు అన్నది రెండోది. అంత ట్రైనింగ్ ఉన్న వాళ్లకే తన్ను ఎక్కువైతే గురి తప్పుతోంది. ఏడాదికి పట్టుమని యాభై తూటాలు కాల్చని మనకు 32 మృదువుగా ఉండటం నష్టమేమీ కాదు. పక్కనుంచి పోయిన 45 కన్నా తగిలిన 32 ఎక్కువ.

అయితే 32 గుండు తగలగానే ఎదుటివాడు సినిమాలోలా ఎగిరి వెనక్కి పడతాడని మాత్రం అనుకోవద్దు. ఏ హ్యాండ్‌గన్ తూటాకూ ఆ బలం లేదు. తగిలినా నాలుగడుగులు వేసి మీ మీదికి రావచ్చు.

ఇక అసలు ఎంపిక. రివాల్వరా, పిస్టలా? రివాల్వర్‌లో తూటాలు తిరిగే సిలిండర్ గదుల్లో ఉంటాయి, పిస్టల్‌లో పిడి లోపలి మ్యాగజైన్ అనే డబ్బీలో. నేనైతే కొత్తవాళ్లకు రివాల్వరే చెప్తాను, మారుమాట లేదు. కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ రివాల్వర్ 32 లాంగ్‌ది, ఆరు తూటాలు. పాత మోడళ్లు నడుమకు విరిచినట్టు తెరుచుకుంటాయి, ఖాళీ గొట్టాలు ఒక్కసారే పైకి లేస్తాయి. 2014లో వచ్చిన నిర్భీక్ అరకిలో బరువు, ఆడవాళ్ల కోసమని చెప్పి తెచ్చారు, అప్పుడే ధర లక్షా ఇరవై వేల పైన. 2023లో వచ్చిన ప్రబల్‌కు సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. పిస్టల్ కావాలంటే అశని, 32 ఏసీపీ.

రివాల్వర్ ఎందుకంటే, తూటా పేలకపోతే ఏం చేయాలో ఆలోచించే పని లేదు. ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే సిలిండర్ తిరిగి పక్క తూటా వస్తుంది. పిస్టల్‌లో పేలని తూటా చాంబర్లోనే, అంటే బ్యారెల్ వెనక గదిలోనే కూర్చుంటుంది. మ్యాగజైన్ అడుగు తట్టాలి, స్లైడ్ (పిస్టల్ పైన జారే భాగం) వెనక్కి లాగాలి, వదలాలి, మళ్లీ గురి చూడాలి. రేంజిలో ఇది రెండు సెకన్ల పని. చీకట్లో, గుండె దడదడ కొట్టుకుంటుంటే, చేతికి చెమట పడుతుంటే ఫౌజులో నేర్చుకున్న జవాన్లే తడబడటం చూశాను. పైగా 32 ఏసీపీకి ఒక పాత జబ్బు ఉంది. ఆ కొంచెం రిమ్ము ఉంది చూశారా, మ్యాగజైన్‌లో తూటాలు ఎక్కించేటప్పుడు పై తూటా రిమ్ము కింది తూటా రిమ్ము వెనక్కి జారిందంటే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, స్లైడ్ ఎంత లాగినా తూటా ముందుకు రాదు. ఎక్కించేటప్పుడు ప్రతి తూటా రిమ్మూ దాని కింది తూటా రిమ్ముకు ముందే ఉండేలా చూసుకోవాలి. ఇది ఓపిగ్గా చేసేవాళ్లు, నెలకోసారైనా ప్రాక్టీసు చేసేవాళ్లు పిస్టల్ తీసుకోవచ్చు. సన్నగా ఉంటుంది, నడుముకు కనపడదు, ట్రిగ్గర్ తేలిక. లేనివాళ్లకు వద్దు.

రివాల్వర్ కష్టం వేరే ఉంది, ట్రిగ్గర్. హ్యామర్ (వెనక ఉండే చిన్న సుత్తి) వెనక్కి లాగకుండా నేరుగా నొక్కితే చాలా బరువుగా ఉంటుంది. అందుకే కొనేముందు దుకాణంలో ఈ పని చేయండి. ముందు అమ్మేవాడు తెరిచి ఖాళీ అని చూపిస్తాడు, మీరూ తెరిచి చూడండి, వేలు పెట్టి ఆరు గదులూ తడమండి. అడిగి, ఖాళీ గొట్టాలో డమ్మీలో వేయించుకుని, గోడ వైపు పట్టుకోండి. చూపుడు వేలు మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఆనాలి. వేలి కొస మాత్రమే అందుతోందంటే అది మీ చేతికి పెద్దది. ఇప్పుడు బ్యారెల్ చివర ఒక రూపాయి బిళ్ల పెట్టించుకుని ట్రిగ్గర్ నిదానంగా చివరిదాకా నొక్కండి. బిళ్ల పడకూడదు. మొదటిసారి అందరికీ పడుతుంది, సిగ్గుపడే పని లేదు. పదిసార్లు చేస్తే రెండు మూడుసార్లయినా నిలిస్తే ఆ తుపాకీ మీకు నప్పుతుంది. పదికి పది పడిపోతూ, చెయ్యి వణుకుతూ, రెండు చేతుల వేళ్లూ పెట్టి లాగాల్సి వస్తోందంటే వేరేది చూడండి.

మా అడ్తి తమ్ముడు నిర్భీక్ తేలిగ్గా ఉందని ముచ్చటపడ్డాడు. నేను వద్దన్నాను. తుపాకీ ఎంత తేలికైతే చేతిలో అంత ఎగురుతుంది. రోజంతా మోసేవాళ్లకు తేలిక మంచిది, అతను గల్లాపెట్టెలో పెట్టుకునేవాడు, ఏడువందల గ్రాముల పాత రకం పట్టుకోమన్నాను, పట్టుకున్నాక అతనికే అర్థమైంది.

22 సంగతి. బెంగాల్‌లోని ఇషాపూర్‌లో చేసిన నిడర్ రివాల్వర్ పావుకిలో బరువు, అరచేతిలో ఇమిడిపోతుంది. తన్నదు, తూటా చౌక. కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లు, మరీ సన్నటి చేతులున్నవాళ్లు 32 అస్సలు పట్టలేకపోతే 22 చూడొచ్చు. బలం తక్కువన్నది ఒక లోపమే గానీ నాకు దానికన్నా పెద్ద లోపం ఇంకొకటి. 22 తూటాలో మందు అంటించే రసాయనం గొట్టం అంచు చుట్టూ ఉంటుంది, 32లోలా నడుమ విడిగా క్యాప్ ఉండదు. అంచులో ఎక్కడైనా సరిగ్గా పరుచుకోకపోతే అక్కడ సూది కొట్టినా పేలదు. అందుకే 22లో మిస్‌ఫైర్లు ఎక్కువ. ఇంకో మాట, 22ను తూటా లేకుండా ఊరికే టకటక నొక్కకూడదు, ఫైరింగ్ పిన్ను చాంబర్ అంచుకు తగిలి మొద్దుబారుతుంది.

తూటాల దగ్గర పిసినారితనం వద్దు. ఏడాదికి ఎన్ని కొనొచ్చో మీ లైసెన్సు చూస్తే తెలుస్తుంది, ఆ లెక్కలోనే ప్రాక్టీసుకు కొన్ని తీసి పెట్టాలి. కొన్న తూటాలను పదేళ్లు బీరువాలో దాచుకుని, అవే అవసరానికి పేలతాయనుకోవడం మన దగ్గర మామూలు. తోలు బెల్టుకు కుట్టిన గదుల్లో తూటాలు గుచ్చి పెట్టడం ఇంకా మామూలు, చూడటానికి బాగుంటుంది. తోలు శుద్ధి చేసిన మందు ఇత్తడికి పడదు. ఒక రైస్‌మిల్లు పెద్దాయన అలాంటి బెల్టు తెస్తే ఒక్కో తూటా వేలితో నెట్టి తీశాను. బయటికి కనిపించే అడుగు భాగం తళతళలాడుతోంది, లోపల తోలుకు ఆనిన చోట చుట్టూ పచ్చగా చిలుము, గోటితో గీకితే పొడిగా రాలింది. ఆరింటిలో రెండు సిలిండర్లోకి పూర్తిగా దిగనే లేదు. తూటాలు వచ్చిన డబ్బాలోనే, పొడి చోట, బీరువా లోపల, తుపాకీకి దూరంగా పెట్టండి. ఎండకు నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డులో వద్దు, రామగుండం ఎండ గురించి మీకు చెప్పాల్సిన పని లేదు.

గురి నేర్చుకోవడానికి ఒక చిట్కా ఇస్తాను, దీనికి ఖర్చు లేదు. రేంజికి వెళ్లినప్పుడు మీ రివాల్వర్ తోడొచ్చినవాడికి ఇచ్చి, ఆరు గదుల్లో నాలుగు మంచి తూటాలు, రెండు పేలిన ఖాళీ గొట్టాలు కలిపి పెట్టమనండి, ఏది ఎక్కడుందో మీకు చెప్పకుండా. కాల్చుతూ పోండి. ఖాళీ గొట్టం వచ్చినప్పుడు చప్పుడు రాదు కానీ బ్యారెల్ గబుక్కున కిందికి దిగుతుంది, అది తన్ను కాదు, మీ భయం. మేడారంలో సమ్మక్క చిలకలగుట్ట దిగేటప్పుడు ఎస్పీ గాల్లోకి కాలిస్తే అంత దూరం నుంచే భుజాలు అదురుతాయి కదా, చేతిలోనే పేలితే కన్ను దానంతటదే మూసుకుంటుంది. బ్యారెల్ కదలకుండా ఉండేదాకా ఇలాగే చేయండి. దూరం పది గజాలు దాటనవసరం లేదు, ఇంటి గుమ్మంలోనో స్కూటీ పక్కనో జరిగే గొడవ అంతకన్నా దగ్గరే.

ఆ గొడవ ఇంట్లో జరిగితే గుండు ఎక్కడికి పోతుందో ముందే చూసుకోండి. 32 తక్కువ బలం అన్నాను కదా అని రేకుల తలుపు, ప్లైవుడ్ తలుపు, కిటికీ అడ్డుకుంటాయనుకోవద్దు, దాటిపోతుంది. పడక గదిలో నిలబడితే తలుపు వెనక ఎవరు పడుకుంటారు, ఏ వైపు ఇటుక గోడ ఉంది, ఎటు పక్కింటివాళ్ల వంటగది ఉంది అని పగటిపూట ఒకసారి నిలబడి చూడండి.

చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుందో కూడా తెలిసుండాలి. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది. ప్రాణం పోతుందనో, తీవ్రంగా గాయపడతామనో నిజమైన భయం ఉన్నప్పుడు, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి దూరినప్పుడు, దోపిడీ జరుగుతున్నప్పుడు ఈ హక్కు చావుదాకా కూడా పోతుంది. కానీ అవసరానికి మించి హాని చేయకూడదు, పోలీసుల దగ్గరికి వెళ్లే వ్యవధి ఉంటే ఈ హక్కే లేదు. పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే ఆ కేసు మీ మీదే నడుస్తుంది. గట్టు పంచాయితీకి, బాకీ వసూలుకు నడుముకు పెట్టుకుని వెళ్లడం అన్నిటికన్నా తెలివితక్కువ పని. బరాత్‌లో గాల్లోకి కాలిస్తే 2 ఏళ్ల దాకా జైలు గానీ, లక్ష దాకా జరిమానా గానీ, రెండూ గానీ.

లైసెన్సు మీ పేరున ఉంటే వాడేది మీరే. "నేను లేనప్పుడు మా ఆవిడ దగ్గర ఉంటది" అనడం కుదరదు, ఆమెకు కావాలంటే ఆమె లైసెన్సు ఆమె తీసుకోవాలి. తాళం కూడా మీ దగ్గరే ఉండాలి. పిల్లలున్న ఇంట్లో బీరువా పైన, దిండు కింద అనే మాటే వద్దు, గోడకు బిగించిన చిన్న లాకర్ రెండు మూడు వేలకు వస్తుంది. అంతేకాదు, మన ప్రాంతంలో తుపాకీ ఉన్న ఇల్లు అని తెలియడమే ఒక ప్రమాదం. అన్నల కాలంలో లైసెన్సు తుపాకీ ఉందని తెలిసే ఇంటికొచ్చి గుంజుకుపోయిన ఊళ్లు ఉత్తర తెలంగాణలో చాలా ఉన్నాయి. ఆ రోజులు పోయినా దొంగలు పోలేదు. కొన్నట్టు ఊరంతా చెప్పుకోకండి, స్టేటస్‌లో ఫోటో పెట్టకండి.

చివరిగా ఎన్నికలు. అసెంబ్లీ, పార్లమెంటు, పంచాయతీ, ఏది వచ్చినా స్టేషన్లో జమ చేయమని కబురు వస్తుంది. ఇచ్చేటప్పుడు రసీదు మీద తుపాకీ నంబరు, బోరు, తూటాల లెక్క రాయించుకోండి. అంతకన్నా ముఖ్యం, ఇచ్చే ముందు రోజు బ్యారెల్ తుడిచి లోపలా బయటా పల్చగా నూనె పట్టించండి, ఎందుకంటే వారాల తరబడి అది అక్కడ ఎవరూ ముట్టకుండా పడుంటుంది. మా అడ్తి తమ్ముడు చివరికి 32 రివాల్వరే కొన్నాడు, మొదటి ఎన్నికలకే తుడవకుండా జమచేసి, తిరిగి తెచ్చుకునేసరికి సిలిండర్ అంచున ఎర్రగా తుప్పు చుక్కలు. సన్నటి ఉక్కు పీచుతో, నూనెతో ఒక పూటంతా రుద్దితే పోయాయి. మొన్న పంచాయతీ ఎన్నికలప్పుడు ముందే ఫోన్ చేశాడు.

"అన్నా, రేపు జమజెయ్యాలె. ఇంట్ల కొబ్బరినూనె ఉన్నది, నడుస్తదా?"

"నడవదు, జిగటైపోతది. గన్ ఆయిల్ లేకపోతే మీ అమ్మ కుట్టుమిషన్ల పోసే నూనె పట్టియ్యి."